మా అమ్మకు నాలుగు భాషలు వచ్చు, నాకు ఇంగ్లీషు ఎందుకు రాలేదు?

పోస్టు కొంచెం పెద్దదే. ఎవరు చదివినా చదవకపోయినా, హాస్టల్లో ఉండి చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. మీ కోసమే రాస్తున్నాను.

మా అమ్మ బడి ముఖం చూడలేదు. సంతకం పెట్టడం కూడా ఈ మధ్యనే నేర్చుకుంది. కానీ ఇంద్రవెల్లి సంతకు పోయినప్పుడు మా అమ్మను చూడాలె. మాతో గోండిలో మాట్లాడుతుంది. పక్కన కూరగాయలామెతో తెలుగులో బేరం. మహారాష్ట్ర నుంచి వచ్చి బట్టలమ్మే ఆయనతో మరాఠీ. గాజులమ్మే ముసలాయన ఎక్కువ రేటు చెప్తే "నక్కో భాయ్" అని లేచి నిలబడుతుంది. ఆయనే మళ్ళీ పిలిచి తగ్గిస్తాడు. ఒక్క పొద్దులో నాలుగు భాషలు. వీటిలో ఒక్కదానికీ ఆమె పుస్తకం పట్టలేదు, ఒక్కదానిలోనూ పరీక్ష రాయలేదు.

నేనేమో మూడో తరగతి నుంచి డిగ్రీ అయిపోయేదాకా ఇంగ్లీషు చదివిన. లెక్కేస్తే పదమూడేళ్ళు. టెన్సులు పన్నెండు. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్ చేయమంటే కళ్ళు మూసుకుని చేస్తా. డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్ చేయమన్నా చేస్తా. పదో తరగతిలో ఇంగ్లీషులో మంచి మార్కులే వచ్చినయి. మరి ఎవరన్నా ఎదురుగా నిలబడి ఇంగ్లీషులో ఒక్క మాట అడిగితే నా నోరు ఎందుకు పడిపోతుండె?

డిగ్రీ అయినంక హైదరాబాద్‌లో ఒక చోట పీజీ సీటు కోసం ఇంటర్వ్యూకి పోయిన. ముగ్గురు కూర్చున్నారు. నా ముఖంలో భయం చూసే కాబోలు, వాళ్ళలో ఒక మేడం నవ్వుతూ తేలికైన ప్రశ్నే అడిగింది. "హౌ డిడ్ యూ కమ్ హియర్?" ప్రతి మాటా అర్థమైంది. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది కూడా. ముందు రోజు మధ్యాహ్నం మా ఊరి నుంచి ఆటోలో ఉట్నూరు, అక్కడి నుంచి బస్సులో ఆదిలాబాద్, రాత్రి రైలెక్కి పొద్దున దిగిన. కానీ నా తలకాయలో పన్నెండు టెన్సుల చార్టు గిర్రున తిరగడం మొదలుపెట్టింది. 'కేమ్' అనాల్నా, 'హావ్ కమ్' అనాల్నా, 'వాజ్ కమింగ్' అనాల్నా? అది తేలేలోపు నోట్లోంచి "బై బస్ సర్" అని వచ్చింది. అడిగింది మేడం, నేనన్నది సర్. వచ్చింది రైల్లో, చెప్పింది బస్సు. అంతటితో నా ఇంటర్వ్యూ అయిపోయినట్టే. సీటు రాలేదు.

ఆ రోజు రైల్లో తిరిగి వస్తూ నాకు బుర్ర లేదనే అనుకున్న. చాలా రోజులు అట్లనే అనుకున్న. ఇప్పుడు ఆ మాట తప్పని నాకు తెలుసు. మన పిల్లలు ఎంతమంది ఇప్పటికీ అట్లనే అనుకుంటున్నారో కూడా తెలుసు. అందుకే ఈ పోస్టు.

మనలో చాలామందికి తెలుగే రెండో భాష. ఆ సంగతి మనమే మర్చిపోతం. నేను ఆశ్రమ పాఠశాలలో చేరిన రోజు నాకు తెలుగు రాదు. నీళ్ళను 'ఏర్' అనడమే తెలుసు. దాహమేస్తే ఎట్లా అడగాలో తెలియక మధ్యాహ్నం దాకా అట్లనే కూర్చున్న. అప్పుడు నా పక్కన కూర్చున్న పిల్లగాడు లేచి, "సార్, నీళ్ళు తాగొస్త" అన్నడు. సారు తల ఊపిండు. వాడు పోయి తాగొచ్చిండు. నేను చూసిన. నేనూ లేచి, "సార్, నీళ్ళు తాగొస్త" అన్న. సారు తల ఊపిండు! అదే నా మొదటి తెలుగు వాక్యం. రెండోది "సార్, ఒంటికి పోయొస్త". మూడోది "సార్, వీడు కొడుతున్నడు".

ఇప్పుడు చూడండి. 'తాగొస్త', 'పోయొస్త' అనేవి తెలుగు వ్యాకరణంలో చిన్న విషయాలేం కావు. ఒక పని చేసి తిరిగి వస్తానని ఒకే మాటలో చెప్పడం అది. దానికి పేరేందో నాకు అప్పుడు తెలియదు. కానీ రెండు వాక్యాలు నోటికి వచ్చినంక మూడోది నేనే తయారు చేసుకున్న. "సార్, అన్నం తినొస్త." ఎవరూ నేర్పలేదు. మాట్లాడుకునే మాటల్లోనే వ్యాకరణం దాగి ఉంటుంది. అవసరం ఉన్నచోట, ఎదుటి మనిషి జవాబిచ్చే చోట, అది తనంతట తానే లోపలికి దిగుతుంది.

మా అమ్మకు మరాఠీ వచ్చింది అట్లనే. ఆమె మరాఠీలో తప్పులుండవా? బోలెడు. కానీ తప్పు మాట్లాడిన ప్రతిసారీ బట్టలాయన సరైన మాటతో జవాబు చెప్తాడు. ఏండ్లు గడిచేకొద్దీ ఆ తప్పులు తగ్గిపోయినయి. తప్పు పోవాలంటే ముందు అది నోట్లోంచి బయటికి రావాలె. మన క్లాసురూముల్లో మాత్రం తప్పు బయటికి రాకుండా నోరు మూసుకోవడమే నేర్చుకున్నం.

నా మాట ఇదే. తెలుగుకు సంత ఉంది, మరాఠీకి సంత ఉంది, హిందీకి సంత ఉంది. మన ఊళ్ళలో ఇంగ్లీషుకు సంత లేదు. సంత లేని భాషను చార్టుల్లో పెట్టి అమ్మితే మనం మార్కులు కొనుక్కున్నం, మాట కొనుక్కోలేదు. కాబట్టి హాస్టల్లో, గదిలో, ఊళ్ళో ఎక్కడుంటే అక్కడ ఇంగ్లీషు సంతను మనమే పెట్టుకోవాలె. ఆ సంతలో జరిగే మాటలు మన రోజువారీ మాటలే అయి ఉండాలె.

ఈ 'మన' అన్నది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, బస్టాండ్‌లో దొరికే ముప్పై రోజుల ఇంగ్లీషు పుస్తకాలు నేను కూడా కొన్న. వాటిల్లో సంభాషణలు ఉంటయి, లేవని కాదు. విమానాశ్రయంలో సంభాషణ, పెద్ద హోటల్లో గది అడిగే సంభాషణ, డిన్నర్ పార్టీలో పరిచయాలు. పదిసార్లు బట్టీ పట్టిన. చెప్పుకోవడానికి విమానం ఏది? నాకు కావాల్సిన సంభాషణలు వేరే ఉన్నయి. స్కాలర్‌షిప్ పడలేదని క్లర్కును అడగడం, మెస్‌లో అన్నం సరిపోలేదని చెప్పడం, ల్యాబ్‌లో రికార్డు గడువు అడగడం, దవాఖానలో అమ్మ రోగం డాక్టరుకు చెప్పడం. ఇవి ఆ పుస్తకాల్లో లేవు.

మా పక్క గూడెం దోస్తు ఒకడున్నడు. పేరు రాయను. లెక్కల్లో నాకంటే చాలా ముందు. ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. మొదటి సెమిస్టర్ అయ్యేలోపే తిరిగొచ్చిండు. ఊళ్ళో అందరూ "వానికి చదువు ఎక్కలేదు" అన్నరు. చాన్నాళ్ళకు నాతో అసలు సంగతి చెప్పిండు. జ్వరమొచ్చి వారం రోజులు క్లాసుకు పోలేదు. రెండు ప్రాక్టికల్స్ పోయినయి. ల్యాబ్ సారు ఇంగ్లీషులోనే మాట్లాడతడు. పోయి అడగాల్సింది రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలు నోటికి రాక, రేపు అడుగుత, ఎల్లుండి అడుగుత అని వారాలు గడిచినయి. సిగ్గుతో ఆ ల్యాబుకు పోవడం మానేసిండు. తర్వాత కాలేజీకే పోవడం మానేసిండు. ఇప్పుడు పత్తి చేను చూసుకుంటున్నడు. వ్యవసాయం తక్కువ పనని నేననను. కానీ రెండు వాక్యాల కోసం ఒకడి చదువు ఆగిపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

సరే, ఆ సంత ఎట్లా ఉంటదో కొన్ని మాటలతో చూపిస్తా. మొదట తేలికది, మెస్‌లో.

"హావ్ యూ ఈటెన్?"
"నాట్ యెట్. వాట్స్ ఫర్ డిన్నర్?"
"రైస్ అండ్ దాల్."
"అగైన్?"
"యెస్, అగైన్!"

ఇంతే. 'తిన్నవా?', 'ఇంకా లేదు', 'రాత్రికి ఏం కూర?' ఇవి మనం రోజూ అనే మాటలే. ఇప్పుడు మొదటి వాక్యాన్ని అచ్చు లెక్క వాడుకోండి. "హావ్ యూ వాష్డ్ యువర్ ప్లేట్?" "హావ్ యూ ఫినిష్డ్ యువర్ రికార్డ్?" "హావ్ యూ కాల్డ్ యువర్ మదర్?" వీటన్నిటికీ జవాబు "నాట్ యెట్" కావచ్చు, "యెస్, ఐ హావ్" కావచ్చు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని చార్టులో భయపెట్టినది ఇదే. ఆ పని ఇప్పటికి అయిందా లేదా అని అడగడం. ఎప్పుడు అయిందో చెప్పాల్సి వస్తే మాత్రం ఇది పనికిరాదు. "ఐ హావ్ ఈటెన్ యెస్టర్‌డే" అనకూడదు, "ఐ ఏట్ యెస్టర్‌డే" అనాలె. ఈ తేడా నాకు చార్టులో పదేళ్ళు చూసినా ఎక్కలేదు. మెస్ లైన్లో నిలబడి మాట్లాడుకుంటే వారంలో ఎక్కింది.

రెండోది, క్లాసుకు ఆలస్యమైనప్పుడు.

"వై ఆర్ యూ లేట్?"
"సారీ, సర్. ఐ మిస్డ్ ద బస్."
"వెన్ డిడ్ యూ లీవ్ హోమ్?"
"ఐ లెఫ్ట్ హోమ్ ఎట్ సిక్స్. ద ఫస్ట్ బస్ డిడ్ నాట్ కమ్."

తెలుగులో ప్రశ్న చేయాలంటే మాట చివర 'ఆ' పెడితే చాలు. వచ్చినవ్, వచ్చినవా? ఇంగ్లీషులో ముందుకు 'డిడ్' అనే కూలోడిని తెచ్చుకోవాలె. జరిగిపోయిన పని అనే మూట వాడి నెత్తి మీద పెట్టినం కాబట్టి, అసలు క్రియ ఖాళీ చేతులతో నడుస్తది. అందుకే ప్రశ్నలో 'లీవ్', జవాబులో 'లెఫ్ట్'. "వెన్ డిడ్ యూ లెఫ్ట్" అంటే మూట ఇద్దరి నెత్తి మీదా పెట్టినట్టు. 'డిడ్ నాట్ కమ్' కూడా అంతే. మనలో పదిమందిలో తొమ్మిది మంది చేసే తప్పు ఇది. నాలుగు రాత్రులు ఇట్లాంటి ప్రశ్నలు అడుగుకుంటే పోతది.

మూడోది మా దోస్తుకు ఆ రోజు కావాల్సి ఉండిన సంభాషణ.

"ఎక్స్‌క్యూజ్ మీ, సర్. మే ఐ టాక్ టు యూ ఫర్ ఎ మినిట్?"
"యెస్, వాట్ ఈజ్ ఇట్?"
"ఐ వాజ్ ఆబ్సెంట్ లాస్ట్ వీక్, సర్. ఐ హాడ్ ఎ ఫీవర్."
"డిడ్ యూ టెల్ ఎనీవన్?"
"నో, సర్. ఐ యామ్ సారీ. కుడ్ ఐ డూ ద ఎక్స్‌పెరిమెంట్ దిస్ వీక్?"
"బ్రింగ్ మీ ఎ లెటర్."
"థాంక్యూ, సర్. ఐ విల్ బ్రింగ్ ఇట్ టుమారో."

ఏడు లైన్లు. దీంట్లో ఎంత వ్యాకరణం ఉందో చూడండి. 'నాకు జ్వరం వచ్చింది' అనేదాన్ని మనం "ఫీవర్ కేమ్ టు మీ" అంటం. తప్పెక్కడ వస్తుందంటే ఆ 'నాకు' దగ్గర. తెలుగులో నాకు ఆకలి, నాకు జ్వరం, నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇద్దరు తమ్ముళ్ళు, అన్నీ 'నాకు'తోనే నడుస్తయి. ఇంగ్లీషులో ఇవన్నీ 'ఐ'తో మొదలవుతయి. ఐ యామ్ హంగ్రీ, ఐ హావ్ ఎ ఫీవర్, ఐ నో, ఐ నీడ్, ఐ హావ్ టూ బ్రదర్స్. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే వంద వాక్యాలు సర్దుకుంటయి. నాకు ఏ పుస్తకమూ ఇట్లా చెప్పలేదు. మాట్లాడుతూ, తప్పులు రాసుకుంటూ పోతే నా తప్పుల్లోనే ఇది కనిపించింది.

ఇంకొకటి మర్యాద. ఇది మన పిల్లలకు చాలా నష్టం చేస్తున్నది. తెలుగులో 'సంతకం పెట్టండి సార్' అంటం. ఆ 'అండి'లో మర్యాద ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి తిప్పేసరికి "సైన్ ద ఫామ్, సర్" అయితది. 'అండి' దారిలో పడిపోయింది! మనం వినయంగానే అడిగినం, ఎదుటాయనకు ఆర్డర్ వేసినట్టు వినిపించింది. ఆయన ముఖం చిట్లించుకున్నడు, మనం బెదిరిపోయినం. ఇంగ్లీషులో నువ్వు, మీరు అనే తేడా లేదు, రెంటికీ 'యూ' ఒక్కటే. కాబట్టి మర్యాదను వేరేచోట పెట్టాలె. "కుడ్ యూ ప్లీజ్ సైన్ దిస్ ఫామ్, సర్?" ఆ 'కుడ్ యూ ప్లీజ్' అన్నదే మన 'అండి'.

అట్లనే ఆడ, మగ తేడా. గోండిలో ఆడమనిషికైనా ఆవుకైనా ఒకటే మాట, మగవాళ్ళకే వేరు. తెలుగులో కూడా 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది', క్రియ ఒకటే. అందుకే మనకు 'హీ', 'షీ' కలగాపులగం అయితయి. నేను 'మేడం' అనాల్సిన చోట 'సర్' అన్నది భయంతో అయితే, 'హీ' 'షీ' కలిసిపోయేది మన భాషల కట్టుబడి వల్ల. ఇది తెలివితక్కువతనం కాదని తెలిస్తేనే సగం భయం పోతది.

ఇక మాటల సంగతి. మనందరం రోజుకు పది పదాలు బట్టీ పట్టినవాళ్ళమే. చిన్న డిక్షనరీ తీస్తే మొదటి పేజీలో 'అబాండన్' అంటే వదిలేయుట. చాలామంది ఆ పేజీ దగ్గరే డిక్షనరీని వదిలేసినరు! అక్షరాల వరుసలో నేర్చుకున్న మాటలు అవసరానికి దొరకవు. పనుల వరుసలో నేర్చుకోవాలె. దవాఖాన మాటలు ఒక పేజీ, బ్యాంకు మాటలు ఒక పేజీ, ల్యాబ్ మాటలు ఒక పేజీ. మాటను ఒంటరిగా రాయొద్దు, దాని చుట్టాలతో కలిపి రాయండి. 'ఫీవర్' అని రాయకుండా 'హావ్ ఎ ఫీవర్', 'హై ఫీవర్', 'ఫీవర్ ఫర్ త్రీ డేస్' అని రాయండి. 'ఫామ్' పక్కన 'ఫిల్ ఇన్ ద ఫామ్', 'సబ్మిట్ ద ఫామ్'.

ఎన్ని మాటలు కావాలని భయపడొద్దు. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన మన దేశంలోనే, అప్పటి బెంగాల్లో, పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతూ ఈ లెక్క మీదనే పనిచేసిండు. 1953లో ఆయన పేరున వచ్చిన మాటల జాబితాలో ఉన్నవి దాదాపు 2,000 ముఖ్యమైన మాటలు. మామూలు రాతలో ఎక్కువ భాగం ఆ మాటలతోనే నడుస్తది. 2,000 అంటే రోజుకు 6 చొప్పున ఒక ఏడాది పని. ఇంటర్ చేరిన పిల్ల డిగ్రీలో అడుగు పెట్టేలోపు తీరిగ్గా అయిపోతది.

ఇక్కడ కొంతమంది అన్నలు ఒక మాట అంటరు. "గ్రామర్ లేకుండా మాట్లాడితే అది బట్లర్ ఇంగ్లీషు అయితది. ముందు గ్రామర్ గట్టిగా రావాలె, తర్వాతే మాట." వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. నేను గ్రామర్ వద్దనడం లేదు. ఎప్పుడు, ఎక్కడ అన్నదే నా పేచీ. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లీషు బోధన నిపుణుడు దక్షిణాదిలో మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపినరు. బెంగళూరు ప్రాజెక్టు అంటరు దాన్ని. గ్రామర్ పాఠాలు పక్కన పెట్టి, పిల్లలకు రైలు టైంటేబుల్ ఇచ్చి ఏ బండి ఎక్కాలో తేల్చమనడం, మ్యాపు ఇచ్చి దారి చెప్పమనడం, ఇట్లాంటి పనులు ఇంగ్లీషులో చేయించినరు. దృష్టి పని మీద ఉంటే భాష దాని వెంట వస్తదని ఆయన వాదన. దాని ఫలితాల మీద పండితులు వాదించుకున్నరు, అది వేరే సంగతి. కానీ మన ఇరుగుపొరుగు సర్కారు బడి పిల్లలతో కూడా ఇట్లా చేయొచ్చని చూపించిన పని అది.

నా అనుభవం మాత్రం మధ్యదారి. ముందు మాట, దాని వెంటనే గ్రామర్. 'డిడ్ యూ లెఫ్ట్' అని పది సార్లు తప్పు చేసినోడికి 'డిడ్' గురించి చెప్తే, "ఓ, ఇదా సంగతి!" అంటడు. ఎన్నడూ నోరు విప్పనోడికి చెప్తే చార్టులో ఇంకో గీత అయితది. అట్లనే, మాట్లాడటం వస్తే అంతా అయిపోయినట్టు కూడా కాదు. మెస్ మాటలతో ఫిజిక్స్ పుస్తకం చదవలేం, పరీక్షలో పేజీలు రాయలేం. దానికి చదవడం వేరే అలవాటు చేసుకోవాలె. కానీ నోరు తెరిచినోడు పుస్తకంలో అర్థం కానిది లేచి అడుగుతడు. నోరు తెరవనోడు అక్కడే ఆగిపోతడు.

ఇప్పుడు పని. నేను, నా రూమ్మేట్లు నలుగురం కలిసి చేసినది చెప్తా. రాత్రి అన్నం తిన్నంక ఇరవై నిమిషాలు. దానికి 'రాత్రి సంత' అని పేరు పెట్టుకున్నం. ఒకడు క్లర్కు, ఒకడు స్టూడెంటు. లేదా ఒకడు డాక్టరు, ఒకడు రోగిని తీసుకొచ్చినోడు. ఒక్క సంభాషణను మూడు రాత్రులు ఆడేది. మొదటి రాత్రి ఉన్నది ఉన్నట్టు. రెండో రాత్రి మనిషి మారాలె, 'ఐ' బదులు 'మై సిస్టర్'. అప్పుడు 'హావ్' కాస్తా 'హాజ్' అయితది. మూడో రాత్రి కాలం మారాలె, ఇవాళ్టిది నిన్నటిది కావాలె. అంతే, టెన్సుల చార్టు మొత్తం మన నోట్లో తిరిగినట్టే.

సంతకు కట్టుబాట్లు మూడే. ఒకటి, మాట దొరక్కపోతే తెలుగు మాటో, గోండి మాటో, లంబాడీ మాటో పెట్టి వాక్యం పూర్తి చేయాలె. ఆగొద్దు. మా అమ్మ మరాఠీలో అట్లనే చేస్తది. ఆ మాటకు ఇంగ్లీషు ఏందో పొద్దున చూసి నోట్‌బుక్‌లో రాసుకోవాలె. రెండు, ఒక మనిషికి ఒక రాత్రి ఒక్క తప్పే దిద్దాలె. అన్నీ దిద్దితే రేపు సంతకు రాడు. మూడు, ఎవ్వరూ నవ్వొద్దు.

ఈ మూడోదాని దగ్గర కొంచెం కఠినంగా మాట్లాడుత, ఏమనుకోవద్దు. మనల్ని చూసి బయటివాళ్ళు నవ్వుతరని బాధపడతం. కానీ మన హాస్టల్లో ఒక పిల్లగాడు ఇంగ్లీషులో ఒక్క వాక్యం మొదలుపెడితే "ఓహో, దొర వచ్చిండు" అని మొదట నవ్వేది మనమే. నేను నవ్విన. నా జూనియర్ ఒకడు "ఐ వెంటెడ్" అన్నడని వారం రోజులు వాన్ని 'వెంటెడ్' అనే పిలిచినం. వాడు మళ్ళీ మా ముందు ఇంగ్లీషు మాట్లాడలేదు. నిజానికి వాడు చేసింది తెలివైన తప్పు. 'వాంటెడ్', 'స్టార్టెడ్' చూసి, సూత్రం తనే కనిపెట్టి 'వెంటెడ్' అన్నడు. నేను 'తాగొస్త' చూసి 'తినొస్త' అన్నట్టే. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు కాబట్టి నాకు తెలుగొచ్చింది. వాన్ని చూసి మేం నవ్వినం. తమ్ముడూ, నువ్వు ఈ గ్రూపులోనే ఉన్నవ్. తప్పు నాది.

ఇంకో భయం కూడా పెద్దవాళ్ళలో ఉంది. ఇంగ్లీషు ఎక్కితే మన భాష పోదా అని. ఆ భయం ఊరికే పుట్టలేదు. తెలుగు ఎక్కేటప్పుడే మన ఇండ్లలో ఎన్ని మాటలు పోయినయో అందరికీ తెలుసు. కానీ మా అమ్మకు మరాఠీ వచ్చిందని గోండి పోలేదు. ఎందుకంటే గోండి మాట్లాడటానికి ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు. భాషను చంపేది ఇంకో భాష కాదు, సిగ్గు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగినంక నిజాం సర్కారు పంపితే వచ్చిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఏం చేసిండో గుర్తు తెచ్చుకోండి. గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ ఇప్పించి, గోండిలోనే వాచకాలు రాయించి, చదువు అక్కడి నుంచి మొదలుపెట్టించిండు. పిల్లలకు తెలిసిన మాటతో మొదలుపెట్టి తెలియని భాషకు పోవాలనేది ఎనభై ఏండ్ల కిందనే మన ఏజెన్సీలో చేసి చూపించిన పని.

ఇప్పుడు ఏం జరుగుతున్నది? తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాలు మారినయి. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. మన గూడెం పిల్లకు రెండు పేజీలూ పరాయివే. పుస్తకం మారితే నోరు మారదు. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో రోజుకు ఒక్క పీరియడ్ పిల్లలు మాట్లాడటానికే ఇవ్వాలె. ఆ పీరియడ్‌లో సారు తక్కువ మాట్లాడాలె, పిల్లలు ఎక్కువ మాట్లాడాలె. మాట్లాడినదానికి కూడా మార్కులుండాలె. మన విద్యార్థి సంఘాలు మెస్ ఛార్జీల కోసం, స్కాలర్‌షిప్‌ల కోసం కొట్లాడుతున్నయి, కొట్లాడాలె కూడా. ఆ డిమాండ్ల కాగితంలో ఈ ఒక్క పీరియడ్‌ను కూడా రాయమని నా విన్నపం. అది వచ్చేదాకా ఆగొద్దు. ఇరవై నిమిషాల రాత్రి సంతకు ఎవరి సంతకమూ అక్కర్లేదు.

మొన్న దీపావళికి ఊరికి పోయినప్పుడు మా దోస్తును కలిసిన. దండారి చూసి వస్తూ, ఆ ఏడు లైన్ల ల్యాబ్ సంభాషణ వానికి చదివి వినిపించిన. విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇంతేనా?" అన్నడు. ఇంకేం అనలేదు. ఆ 'ఇంతేనా' నా చెవుల్లోంచి పోవడం లేదు. ఇప్పుడు వాని చెల్లె ఇంటర్ రెండో సంవత్సరం. ఆ ఏడు లైన్లు ఆ పిల్ల నోట్‌బుక్‌లో రాసిచ్చి వచ్చిన.

మీ అందరికీ ఒక్క పని చెప్తున్న. మీకు అవసరమైన రోజున నోటికి రాకుండా పోయిన ఒక్క వాక్యం ఉంటది. క్లర్కు దగ్గరో, డాక్టరు దగ్గరో, ఇంటర్వ్యూలోనో. దాన్ని తెలుగులోనే కింద రాయండి. తెలిసినోళ్ళం ఇంగ్లీషులో రాసి, అందులో ఉన్న గ్రామర్ రెండు మాటల్లో చెప్తం. యాభై వాక్యాలు జమైతే అదే మన పుస్తకం, విమానాశ్రయం లేని పుస్తకం. మొదటిది నాదే, జవాబు కూడా ఇప్పుడు నాకు వచ్చు.

"హౌ డిడ్ యూ కమ్ హియర్?"
"ఐ కేమ్ బై ట్రైన్, మేడం. మై విలేజ్ ఈజ్ వెరీ ఫార్, సో ఐ లెఫ్ట్ హోమ్ యెస్టర్‌డే."

జై సేవా.